తుమ్ముల సంగతి ఎత్తొద్దు

ఫిబ్రవరి 3

కౌంటర్ అక్క ఇవాళ పొద్దున్నుంచీ నా వెంట పడింది. ఆస్పత్రి గోడలకి కొత్తగా రంగు వేశారు కదా, జనం కూర్చునే గదిలో ఒక గోడ బోసిగా కనిపిస్తోందట. అక్కడ "మా డాక్టర్లు" అని ఒక బోర్డు పెడుతుందట. మా ముగ్గురి ఫొటోలూ, వాటి కింద నాలుగేసి ముక్కలూ. ఇక్కడికి రాకముందు ఎవరు ఏం చేశారు, ఎవరికి ఏ జంతువులంటే ఇష్టం, పని లేనప్పుడు ఏం చేస్తారు.

"మీది రాయడం చాలా తేలిక మేడమ్. పిల్లులు, పిల్లులు, పిల్లులు" అంది.

సరే అనబోయి తుమ్మాను. ఆ తర్వాత వరసపెట్టి తుమ్ముతూనే ఉన్నాను. ఆవిడ చేతిలో కాగితం ముఖానికి అడ్డం పెట్టుకుని, "అబ్బో! పేరెత్తితేనే ఇలా ఉందే" అంది.

పెయింటు వాసన. రంగు ఇంకా పూర్తిగా ఆరనే లేదు. అదీ సంగతి.

ఫిబ్రవరి 5

పెయింటే.

ఫిబ్రవరి 7

మిగతా ఇద్దరూ రాసిచ్చేశారు. పెద్దాయన, అంటే ఈ ఆస్పత్రి పెట్టినాయన, పెన్సిల్‌తో రాసిన మూడు వాక్యాలు ఇవి: "పదిహేనేళ్ళు గుర్రాలు. తర్వాత గుర్రాలు కానివన్నీ. గొడుగులు బాగుచేస్తాను."

కౌంటర్ అక్క నెత్తి కొట్టుకుంది. "ఇదేం రాత సార్? జనం చదివి నవ్వుతారు."

"నవ్వనీవమ్మా. ఒళ్ళో కుక్కని పెట్టుకుని బెంగగా కూర్చునే వాళ్ళకి నవ్వడానికి ఏదో ఒకటి ఉండాలిగా."

ఆయన రాసిందాంట్లో అబద్ధం లేదు. పందెం గుర్రాల దగ్గర పనిచేసి వచ్చిన మనిషి. విరిగిన గొడుగు కనిపిస్తే చాలు, ఆయనకి ఆకలి దప్పులుండవు. విరిగిన ఎముకలకి వాడే తీగతోనే గొడుగు ఊచలు కడతాడు. మా ఇంట్లో పిల్లి, మా ముసలోడి దవడలో ఉన్నది కూడా ఆ తీగే. అందుకే ఎప్పుడు కనిపించినా "మా గొడుగు బాగుందా?" అని అడుగుతాడు.

మా తమ్ముడు (నా తోడబుట్టినవాడు కాదు, నా తర్వాత చేరిన చిన్న డాక్టరు, అక్కా అని పిలిచి పిలిచి తమ్ముడైపోయాడు) ఏకంగా ఒక పేజీ రాశాడు. బ్యాంకులో ఉద్యోగం చేసేవాడు. ఎదురు దుకాణంలో ఒక చిలుక ఉండేది. భోజనాల వేళ దాంతో కబుర్లు చెప్పేవాడు. ఒకసారి అది తిండి మానేస్తే, ఊళ్ళో ఏ జంతువుల డాక్టరూ చిలుకని చూడనన్నాడట. అది చచ్చిపోయింది. వీడు రాజీనామా చేసి, తనకన్నా చిన్నపిల్లల పక్కన బెంచీలో కూర్చుని మళ్ళీ చదువుకున్నాడు. వాళ్ళమ్మ ఏడాదిపాటు వీడితో మాట్లాడలేదు. ఇప్పుడు వీడికి పిట్టలు, బల్లులు, తాబేళ్ళు. తాబేలుని చేతిలోకి తీసుకుంటే పాట ఎత్తుకుంటాడు. పాట వింటే అది తల బయటపెడుతుందని వాడి నమ్మకం. నేను చూసినంతలో ఉన్న తల కూడా లోపలికి లాక్కుంటుంది.

నా కాగితం మీద మాత్రం "పిల్లులు" అని ఒకే ఒక్క మాట ఉంది. దాని తర్వాత ఏం రాయాలి? జంతువులని రానివ్వని అద్దె గదుల్లో పెరిగాను. ఇక్కడ చేరిన మొదటి ఏడాది ఎవరో ఒక పిల్లికూనని తెచ్చి, చక్రం కింద పడింది, ఇంజక్షన్ ఇచ్చి నిద్రపుచ్చండి అని బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. నేను నిద్రపుచ్చలేదు. పెద్దాయనా నేనూ కూర్చుని దవడకి తీగ కట్టాం. దవడ అతికింది కానీ వంకరగా అతికింది. నాలిక కొస ఎప్పుడూ బయటికి కనిపిస్తూ, పళ్ళు ఊడిన తాతలా ఉండేవాడు. అందుకే ముసలోడు. ఇప్పుడు నిజంగానే ముసలోడయ్యాడు. పేరు మార్చే పని తప్పింది.

ఇదంతా బోర్డు మీద పట్టదు.

ఫిబ్రవరి 9

ఇంట్లో కూడా తుమ్ములు. రాత్రి దగ్గు. ఇంట్లో పెయింటు వేయలేదు మరి.

దిండు. పాతబడిపోయింది, లోపల దూది అంతా పొడి అయి ఉంటుంది. ముసలోడు ఎలాగూ నా మెడ మీదే పడుకుంటాడు, దిండు లేకపోయినా పర్వాలేదు.

ఫిబ్రవరి 13

దర్జీ మళ్ళీ వచ్చాడు, దురద కుక్కని తీసుకుని. చెవులు గీరి గీరి పుళ్ళు చేసుకుంది పాపం. క్రితంసారే అన్నీ వివరంగా చెప్పి పంపాను. దేని వల్ల దురద వస్తోందో తెలియనప్పుడు, ఒక్కొక్కటీ మాన్పించి చూడాలి. తిండి మార్చాలి, సబ్బు మార్చాలి, పడక మార్చాలి. ఏది తీసేస్తే తగ్గిందో అదే దొంగ.

"అన్నీ మానేశాం మేడమ్" అన్నాడు.

"అన్నీ?"

"అన్నీ. ఒక్క సాయంత్రం పూట బిస్కెట్ తప్ప. నేను టీ తాగుతుంటే ఎదురుగా కూర్చుంటుంది. ఆ కళ్ళు చూస్తే పెట్టకుండా ఉండలేను."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అదే దొంగైతే? ఆ ఒక్కటీ వదిలేసి ఇల్లంతా సోదా చేస్తే ఏం లాభమండీ? అది కుక్క మీద ప్రేమ కాదు. మీ మీద మీకున్న ప్రేమ" అన్నాను. మనిషి ముఖం చిన్నబోయింది. కుక్క తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని, తల వంచుకుని వెళ్ళిపోయాడు. అంత మాట అనకుండా ఉండాల్సింది. కానీ నిజం చెప్పకపోతే మనం ఎందుకు?

ఇంటికొచ్చే దారిలో ఒక ఆలోచన వచ్చింది. కుక్కకి చేసే పద్ధతి నాకు నేనే ఎందుకు చేసుకోకూడదు? ఒక్కొక్కటీ తీసేసి చూస్తాను. దిండు అయింది. తర్వాత సబ్బు. తర్వాత నేల తుడిచే మందు. తర్వాత మావారి పౌడర్.

ఫిబ్రవరి 14

పౌడర్ డబ్బా పారేశాను. మావారు పని నుంచి రాగానే స్నానం చేసి దానికోసం వెతుక్కున్నారు. లిఫ్టులు బాగుచేసే మనిషి, ఒంటి మీద గ్రీజు వాసన పోవాలంటే ఆయనకి ఆ డబ్బాయే దిక్కు.

"తర్వాత ఏం పారేస్తావు?"

"కర్టెన్లు."

"ఆ తర్వాత నన్నా?"

"అవసరమైతే."

నవ్వారు. నవ్వి, నా ఒళ్ళో ఉన్న ముసలోడి వైపు చూశారు. తర్వాత నా కళ్ళ వైపు చూశారు. ఎర్రగా ఉన్నాయేమో. "ఇవాళ్టి నుంచి నేనూ వీడూ హాల్లో పడుకుంటాం. లోపల ఉక్కగా ఉంది వాడికి" అన్నారు.

వాడికి ఉక్క అని ఈయనకి చెప్పాడు కాబోలు. ఇన్నేళ్ళలో వాణ్ణి ఒక్కసారి ముద్దుగా పిలిచింది లేదు. "నీ పిల్లి", "మీ వాడు" అంటారు. ఇప్పుడు కొత్తగా ప్రేమ పుట్టుకొచ్చింది.

ఫిబ్రవరి 17

మూడు రోజులుగా హాయిగా నిద్ర పడుతోంది. దగ్గు లేదు. పౌడరే! ముందే అనుకున్నాను.

ఫిబ్రవరి 18

రాత్రి మెడ మీద బరువు లేక వెలితిగా అనిపించింది. పౌడర్ ఎలాగూ పోయింది కదా అని హాల్లోంచి వాణ్ణి ఎత్తుకొచ్చి పడుకోబెట్టుకున్నాను. మావారు చూశారు. పొద్దున లేచేసరికి కళ్ళు వాచిపోయి తెరుచుకోలేదు.

కర్టెన్లు ఉతకాలి.

ఫిబ్రవరి 21

ఆస్పత్రిలో వరసగా నాలుగు పిల్లులు వచ్చాయి. నాలుగోదాని గుండె వింటుంటే చెవుల్లో సన్నగా ఈల వినిపించింది. పాపం దీని ఊపిరితిత్తులు బాగాలేవు అనుకున్నాను. ఇంకోసారి శ్రద్ధగా విన్నాను. ఈల పిల్లిది కాదు.

మందుల అల్మరాలో వాపు తగ్గించే మాత్రలున్నాయి. కుక్కలకి ఇచ్చేవే, మనుషులకీ అదే మందు. యాభై ఎనిమిది కిలోల కుక్క అనుకుని, బరువుకి తగ్గట్టు వేసుకున్నాను. కుక్క యజమానులు ఎవరైనా ఇలా తమంతట తాము మందు వేసుకొస్తే చీల్చి చెండాడేదాన్ని. కానీ నాకు తెలుసు కదా, నేను డాక్టర్ని.

ఫిబ్రవరి 26

మాత్రలు అద్భుతంగా పనిచేస్తున్నాయి. తుమ్ము లేదు, ఈల లేదు. ముసలోడు మళ్ళీ నా మెడ మీదికి వచ్చేశాడు.

ఆకలి మాత్రం విపరీతంగా వేస్తోంది. కాళ్ళు ఒకచోట నిలవడం లేదు. పొద్దున వంటింటి అలమరలన్నీ దించి కడిగాను. ఆదివారం బూజులు దులిపాను, పుస్తకాలన్నీ దించి మళ్ళీ ఎక్కించాను. మావారు కుర్చీలో కూర్చుంటే కుర్చీతో సహా జరిపి తుడిచాను. "కాసేపు ఒకచోట నిలబడు" అన్నారు. నిలబడితే ఏదో గుర్తొస్తుందని భయంగా ఉంది. ఏదో ఏమిటో తెలియదు.

మార్చి 2

తమ్ముడితో గొడవ పడ్డాను. మధ్యాహ్నం టీ తాగుతూ ఎటో చూస్తూ అన్నాడు: "అక్కా, నువ్వు కుక్కల్ని చూసిన రోజు బానే ఉంటున్నావు. పిల్లుల్ని చూసిన రోజే తుమ్ములు..."

"తుమ్ముల సంగతి ఎత్తొద్దు."

"ఎత్తనులే. కానీ ఒకసారి చూపించుకుంటే..."

"నువ్వేమైనా మనుషుల డాక్టరువా?"

"నువ్వు మాత్రం అవునా?" అన్నాడు.

వాడి ముందే కప్పు గట్టిగా పెట్టి లేచొచ్చేశాను. టీ ఒలికి వాడి చొక్కా మీద పడింది. కౌంటర్ అక్క ఇదే సమయమని, "మేడమ్, మీ కాగితం ఒక్కటే ఆగింది. బోర్డు రాసేవాడు రోజూ ఫోన్ చేస్తున్నాడు" అంది. ఆవిడ మీద కూడా అరిచాను. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఇద్దరిలో ఎవరూ నాకు వెళ్ళొస్తానని చెప్పలేదు.

వాడికి బల్లులు తెలుసు, అంతే. పదహారేళ్ళు పిల్లి పక్కన పడుకున్నదాన్ని. ఇన్నేళ్ళూ లేనిది ఇప్పుడెలా వస్తుంది?

మార్చి 4

రాయాలి. ఇవాళ జరిగింది రాసి తీరాలి.

పాటలు నేర్పే టీచరమ్మ తెల్లపిల్లి. మూత్రం ఆగిపోయి, లోపల రాళ్ళు. రెండు రోజుల నుంచి బాధపడుతోంది, కోసి తీయాల్సిందే. ఆవిడ పిల్లిని నా చేతికిస్తూ, "నాకింకెవరూ లేరండీ" అంది. ముసలోణ్ణి తలుచుకుంటే నాకూ అలాగే అనిపిస్తుంది కదా, గుండె కరిగిపోయింది. మాత్రలు మొన్నటితో అయిపోయాయి. అల్మరా తాళం ఇవాళ పెద్దాయన దగ్గరుంది, అడిగితే ఎందుకంటాడు. ఒక్కపూటకి ఏమవుతుందిలే అనుకున్నాను.

కోశాను. రాళ్ళు తీశాను. అన్నీ బాగానే జరిగాయి. ఇక కుట్లు వేయడమే మిగిలింది. మాస్కు లోపల ఈల మొదలైంది. గాలి లోపలికి వెళ్తోంది గానీ బయటికి రావడం లేదు. చేతులు మాత్రం బాగానే ఉన్నాయి. చేతులు ఎప్పుడూ బాగానే ఉంటాయి నాకు. సూది ఒకసారి గుచ్చాను. రెండోసారి గుచ్చబోతే సూది ఎక్కడుందో కనిపించలేదు.

మత్తు చూస్తున్న తమ్ముడు తలెత్తాడు. "అక్కా, పక్కకి జరుగు."

జరగలేదు. తల అడ్డంగా ఊపాను. మాట్లాడడానికి ఊపిరి లేదు.

"అక్కా, నీ పెదాలు నీలంగా ఉన్నాయి. జరుగు!"

జరగలేదు. వాడు పెద్దాయన్ని కేకేశాడు. ఆయన తలుపు దగ్గరే నిలబడి, గొంతు పెంచకుండా అన్నాడు: "అమ్మాయ్, బల్ల మీద ఉన్నది నీ పిల్లి కాదు. ఆ టీచరమ్మది."

అప్పుడు సూది ఇచ్చేశాను.

ఆ తర్వాత సరిగ్గా గుర్తులేదు. బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. కౌంటర్ అక్క చేతికందిన కాగితంతో విసురుతోంది. అది నా కాగితమే, "పిల్లులు" అని ఒక్క మాట ఉన్నది. ఎవరిదో కారు. పెద్దాసుపత్రిలో ముక్కుకీ నోటికీ కలిపి ఒక తొడుగు పెట్టారు, మందు ఆవిరిలా వచ్చింది. నేను పిల్లులకి పెట్టేది కూడా ఇలాంటిదే, సైజే తేడా. పెట్టినప్పుడల్లా గింజుకుంటాయెందుకో అనుకునేదాన్ని. ఇప్పుడు తెలిసింది.

కాస్త తెరిపిన పడ్డాక ఛాతీ డాక్టరు వచ్చాడు. కుర్రవాడు, చాలా నెమ్మదస్తుడు. ఎలర్జీ అన్నాడు. జంతువుల దగ్గర పనిచేసేవాళ్ళకి ఏళ్ళు గడిచాక కూడా మొదలవుతుందట. నాకు తెలియదా ఆ సంగతి? కాలేజీలో చదివి పరీక్ష రాశాను.

"ఇంట్లో పిల్లి ఉందా మేడమ్?"

"లేదు" అన్నాను.

మావారు గ్రీజు చేతులతో అలాగే పరిగెత్తుకొచ్చినట్టున్నారు, మంచం పక్కన నిలబడి ఉన్నారు. చేతులు చొక్కాకి తుడుచుకున్నారు. తర్వాత మెల్లిగా, "ఉందండీ. పెద్దవాడు. ఆవిడ మెడ మీద పడుకుంటాడు" అన్నారు.

టీచరమ్మ పిల్లి క్షేమం. తమ్ముడు కుట్లు వేశాడు. పిల్లి ఒంటి మీద వాడు వేసిన మొదటి కుట్లు అవి. పాట పాడుతూనే వేశాడట.

మార్చి 5

లేదన్నాను. వాడు ఇంట్లో నా కోసం ఎదురుచూస్తుండగా, లేదన్నాను.

మార్చి 9

ముంజేతి మీద చిన్న చిన్న చుక్కలు గుచ్చి పరీక్ష చేశారు. కుక్క చుక్క కాస్త ఎర్రబడింది. పిల్లి చుక్క ఉబ్బి రూపాయి బిళ్ళంత అయింది. పిట్ట, తాబేలు, దుమ్ము, దూది, ఏవీ చెక్కుచెదరలేదు. పౌడర్ కూడా. ఆయనకి కొత్త డబ్బా కొనివ్వాలి.

ఛాతీ డాక్టరు చెప్పేశాడు. ఆస్పత్రిలో పిల్లుల్ని చూడకూడదు. ఇంట్లో పిల్లి ఉండకూడదు. ఇంకోసారి ఇలా వస్తే సమయానికి ఆస్పత్రికి చేరతారని నమ్మకం లేదన్నాడు.

నేను ఊరుకుంటానా? వాణ్ణి వారానికోసారి తడిగుడ్డతో తుడుస్తానన్నాను. గాలి శుభ్రం చేసే మిషను పెడతానన్నాను. పడకగదిలోకి రానివ్వనన్నాను. పరుపు మారుస్తాను, తివాచీ తీసేస్తాను, రోజూ నేల తడిగా తుడుస్తాను, మందులు తప్పకుండా వేసుకుంటాను.

అంతా ఓపిగ్గా విన్నాడు. "అంటే అన్నీ చేస్తారు, ఆ ఒక్కటీ తప్ప. అంతేనా మేడమ్?" అన్నాడు.

నాకు దర్జీ గుర్తొచ్చాడు. కుక్క తాడు చేతికి చుట్టుకుని తల వంచుకు వెళ్ళిన మనిషి గుర్తొచ్చాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

మార్చి 10

పెద్దాయన ఇంటికొచ్చాడు. గుమ్మం దగ్గర మా విరిగిన గొడుగు కనిపిస్తే అది పట్టుకునే లోపలికొచ్చి కూర్చున్నాడు. ఊచలు సరిచేస్తూ, నా వైపు చూడకుండా మాట్లాడాడు.

"గుర్రాలు ఎందుకు మానేశానో నీకెప్పుడైనా చెప్పానా?"

"మోకాలు నొప్పి అన్నారు కదా సార్."

"అందరికీ అదే చెప్పాను. ఓ గుర్రం తన్నింది. మోకాలు నెల తిరక్కుండానే బాగైపోయింది. భయమే పోలా. గుర్రం వెనక్కి వెళ్ళాలంటే కాళ్ళు వణికేవి. గుర్రాల డాక్టరుకి గుర్రమంటే భయం అని ఎవరికి చెప్పుకుంటాం? రెండేళ్ళు కుంటుతూ నటించా. ఎంత బాగా నటించానంటే ఇప్పటికీ మా ఆవిడ రోజూ మోకాలికి మందు రాస్తుంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ చేశాను. "ఇక్కడికి వచ్చాక బాధ తగ్గిందా సార్?" అని అడిగాను.

"గుర్రాల కోసమా? లేదమ్మాయ్. టీవీలో పరుగెడుతుంటే ఇప్పటికీ లేచి నిలబడతా." గొడుగు టక్కున తెరిచి చూసుకున్నాడు. "కానీ దేనికి దూరంగా ఉండాలో తెలిశాక నిద్ర పట్టింది."

వెళ్ళేముందు వంగి ముసలోడి గడ్డం కింద గోకాడు. "మా గొడుగు ఇంకా గట్టిగానే ఉంది" అన్నాడు.

మార్చి 12

ముసలోణ్ణి కౌంటర్ అక్క తీసుకెళ్ళింది. తనే అడిగింది. "మా ఇంట్లో మా పిన్నీ నేనే ఉంటాం. పిన్నికి కళ్ళు సరిగా కనపడవు, వీడికీ కనపడవు. ఇద్దరికీ కాలక్షేపం" అంది. నేను అరిచిన మాటలేవీ మనసులో పెట్టుకోలేదు.

నన్ను దగ్గరికి రావద్దన్నారు. వీధిలో నిలబడ్డాను. మావారు బుట్ట తెచ్చారు. మూత వేయబోయి ఆగి, వాడి చెవిలో ఏదో చెప్పారు. ఏం చెప్పారని తర్వాత అడిగితే, "ఏమీ లేదు" అన్నారు. బుట్ట కిటికీలోంచి ఆ నాలిక కొస ఒక్కటే కనిపించింది. వాడు అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది.

ఆయన పరుపు లోపలికి తెచ్చుకోలేదు. హాల్లోనే పడుకున్నారు, వాడి పాత దుప్పటి మీద.

మార్చి 13

ఏమీ లేదు.

మార్చి 14

ఆస్పత్రికి వెళ్ళాను. పిల్లులన్నీ తమ్ముడికి, వాడి తాబేళ్ళు బల్లులు పిట్టలు నాకు. మార్పిడి. టీ ఒలకబోసినందుకు వాడికి క్షమాపణ చెప్పబోయాను. "అక్కా, ఆ మరక పోలేదు, కొత్త చొక్కా కొనిపెట్టు, చాలు" అన్నాడు. మొదటి తాబేలు నా ఒళ్ళోనే కానిచ్చేసింది. ముఖంలో ఏ భావమూ లేదు. సిగ్గూ లేదు, పశ్చాత్తాపమూ లేదు. ఇలాంటి ప్రాణిని చూసి పాట ఎలా వస్తుందిరా నీకు అని అడిగాను. "నువ్వు ఊరికే తొందరపడతావక్కా. కాసేపు కదలకుండా కూర్చో, అదే వస్తుంది" అన్నాడు. కదలకుండా కూర్చోవడం నాకు చేతనైతేగా.

అవతలి గది నుంచి పిల్లి అరుపు వినిపిస్తే లేచి నిలబడుతున్నాను, పెద్దాయన టీవీ ముందు లేచినట్టు.

"తింటున్నాడా?" అని కౌంటర్ అక్కని అడిగాను.

"మొదటి రోజు తినలేదు. మీరు చెప్పినట్టు మెత్తగా చేసి పెడితే ముఖం తిప్పుకున్నాడు. పిన్ని తన చేత్తో పెడితే తిన్నాడు."

సంతోషించాలి. సంతోషించాను. సంతోషించానా? చచ్చేంత కుళ్ళుగా ఉంది.

మార్చి 17

ఇల్లు శుభ్రంగా ఉంది. ఊపిరి శుభ్రంగా ఉంది. మెట్లు ఆగకుండా ఎక్కాను. ఎక్కినా ఏం చేయాలో తోచక మళ్ళీ దిగాను. ఇల్లంతా తిరుగుతున్నాను. సోఫా చేతి మీద వాడి గోళ్ళ గీతలున్నాయి, మావారు కవరు వేయించబోతే వద్దన్నాను. నిన్న సాయంత్రం ఇంటికి రావాల్సిన దారి వదిలేసి కౌంటర్ అక్క వీధిలోంచి నడిచాను. మొన్న కూడా. పని ఉండి కాదు, ఆ వీధి చల్లగా ఉంటుందని.

మార్చి 18

ఆ వీధి చల్లగా ఏమీ ఉండదు. కిటికీ కోసం వెళ్ళాను.

మార్చి 19

దర్జీ కుక్క చెవులు మానాయి. బిస్కెట్ ఆపేశాడట. "టీ కూడా మానేశాను మేడమ్. నేను తాగితే అది చూస్తుంది, అది చూస్తే నేను పెడతాను. ఇప్పుడు ఇద్దరం కలిసి నడకకి వెళ్తున్నాం" అన్నాడు.

ఆ రోజు నేను అన్న మాటలకి క్షమించమని అడిగాను. ఆయన కంగారు పడిపోయాడు, "భలేవారే, మీరు చెప్పబట్టే కదా" అన్నాడు. అక్కడే ఒక పని ఒప్పజెప్పాను. ఒత్తుగా నేసిన బట్టతో, మెడ నుంచి మడమ దాకా, చేతులకి ఎలాస్టిక్ ఉండేలా ఒక గౌను కావాలి. ముసలోణ్ణి చూసి రావచ్చా అని ఛాతీ డాక్టర్ని అడిగాను. నిలువెల్లా కప్పుకుని, మంచి మాస్కు పెట్టుకుని, కిటికీలు తెరిచి, కాసేపు మాత్రమే, వచ్చాక బట్టలు బయటే విడిచి స్నానం చేస్తే, సరే చూద్దాం అన్నాడు. సంతోషంగా అనలేదు, కానీ అన్నాడు.

దర్జీ పెళ్ళికూతురికి తీసినంత శ్రద్ధగా కొలతలు తీశాడు. "ఏదైనా ఫంక్షనా మేడమ్?" అని అడిగాడు. అవునన్నాను.

మార్చి 20

కాగితం ఇచ్చేశాను. "పదహారేళ్ళు పిల్లులు. తర్వాత పిల్లులు కానివన్నీ."

"పెద్దాయనది చూసి కాపీ కొట్టారు" అంది కౌంటర్ అక్క. చదివి, ఇంకోసారి చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "పని లేనప్పుడు ఏం చేస్తారో రాయలేదుగా?"

సోమవారం చెబుతానన్నాను.

మార్చి 22, ఆదివారం

గౌను, టోపీ, మాస్కు, కళ్ళద్దాలు, గ్లవ్స్, కాళ్ళకి తొడుగులు. కౌంటర్ అక్క పిన్ని తలుపు తీసి, "ఎవరమ్మా, దోమల మందు కొట్టేవాళ్ళా?" అంది.

వాడు కిటికీ కింద, దుప్పటి మీద ఉన్నాడు. ఒళ్ళు చేశాడు. బొచ్చు మెరుస్తోంది. నాలిక కొస అలాగే ఉంది. నేను మోకాళ్ళ మీద కూర్చుని పిలిచాను. మాస్కులోంచి నా గొంతు నాకే నాది కానట్టు వినిపించింది. చెయ్యి చాచాను.

వెనక్కి నక్కాడు. చెవులు తలకి అంటించేసి, ఉన్న నాలుగు పళ్ళూ చూపించి బుస్సుమన్నాడు.

ఆ చూపు నాకు తెలుసు. పదహారేళ్ళుగా ప్రతి పిల్లీ బల్ల మీద నన్ను చూసే చూపు అదే. గ్లవ్స్ వాసన, మందుల వాసన, సూది వస్తుందన్న భయం. అన్ని పిల్లులకీ నేను డాక్టర్ని. వీడొక్కడికే ఎప్పుడూ కాను. ఇవాళ వీడికి కూడా డాక్టర్నైపోయాను.

కౌంటర్ అక్క వెనక నుంచి, "వచ్చేవారం అలవాటు పడతాడులెండి మేడమ్" అంది. నేను వినిపించుకోలేదు. మాస్కు ముట్టుకోలేదు, కళ్ళద్దాలు తీయలేదు, అంత మాత్రం తెలివి ఉంది నాకు. కుడిచేతి గ్లవ్ ఒక్కటి తీశాను.

"మేడమ్!"

"ఒక్క నిమిషం అక్కా."

వట్టి చెయ్యి వాడి ముందు నేల మీద పెట్టాను. కదలకుండా కూర్చున్నాను. తమ్ముడు చెప్పాడు కదా తాబేలు గురించి, అలా. ఇన్ని వారాల్లో ఎక్కడా నిలవని నా కాళ్ళు నిలిచాయి. వాడు చాలాసేపు అక్కడే ఉన్నాడు. తర్వాత మెడ సాచి వాసన చూశాడు. వేళ్ళు చూశాడు, అరచెయ్యి చూశాడు. ఇంకోసారి చూశాడు. తర్వాత ఆ వంకర దవడ తెచ్చి నా అరచేతిలో పెట్టి, బరువంతా దాని మీద వదిలేసి, కళ్ళు మూసుకున్నాడు. తీగ ముడి వేలికి తగిలింది.

ఏడ్చాను. కళ్ళద్దాల లోపల ఏడిస్తే ఏమీ కనిపించదు, తుడుచుకోవడానికి వీలుండదు.

ఇంటికొచ్చి బయటే గౌను విడిచి, స్నానం చేసి, మాత్ర వేసుకున్నాను. మావారు నా చెయ్యి చూశారు. మణికట్టు దాకా దద్దుర్లు, వేళ్ళు లావెక్కాయి, ఉంగరం కదలడం లేదు. కోప్పడతారనుకున్నాను. చల్లనీళ్ళ గిన్నె తెచ్చి చెయ్యి అందులో పెట్టారు. "ఎలా ఉన్నాడు మనవాడు?" అన్నారు.

ఊపిరి బాగానే ఉంది. ఈల లేదు. దురద మాత్రం ప్రాణాలు తోడేస్తోంది. పెన్ను పట్టుకోవడం కష్టంగా ఉంది, అక్షరాలు కోడిగీతల్లా వస్తున్నాయి. కుడిచేత్తో రేపు తాబేళ్ళని పట్టుకోవాలి, ఇది నాకు అన్నం పెట్టే చెయ్యి. దీనికి మళ్ళీ ఈ పని చెప్పను, ఒట్టు.

వచ్చే ఆదివారం ఎడమ చెయ్యి.